రంగు క్రింద కర్ర

కార్తీక మాసం వెళ్ళిపోయింది. పౌర్ణమినాడు తెల్లవారుజామున మన ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్ళలో వదిలారు. అదే రేవులో, అదే వేళకు మన ఒడియా ఇరుగుపొరుగులు బొయిత బందాణ చేసుకొన్నారు. చిన్న చిన్న పడవలు చేసి, వాటిలో దీపమూ తాంబూలమూ పెట్టి వదలడమే ఆ పండుగ. కళింగ సాధవులు సముద్రాలు దాటి వ్యాపారానికి వెళ్ళిన నాటి జ్ఞాపకం అది. మన దొప్పా, వాళ్ళ పడవా ప్రక్కప్రక్కనే తేలుతూ పోతుంటే ఏది ఎవరిదో పోల్చడం కష్టం. ఇన్ని తరాలుగా ఇక్కడ వుంటున్న వాళ్ళకు పోల్చవలసిన అవసరం కూడా కనిపించదు.

ఈసారి మా ఇంటి నుంచి మూడో పడవ కూడా నీళ్ళలోకి వెళ్ళింది. అది దీపం ఎక్కేది కాదు, మనిషి ఎక్కేది. నిజానికి అది నిరుడే వెళ్ళవలసినది. ఎందుకు వెళ్ళలేదో చెబుతాను. అందులో నా తెలివితక్కువ కొంత వున్నది. ఇంట్లో తలుపులకూ కిటికీలకూ రంగు వేయించే ప్రతివారికీ పనికివచ్చే సంగతి కూడా కొంత వున్నది.

మా పెరట్లో మా నాన్నగారు నాటిన మామిడిచెట్టు ఒకటి వుండేది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖ మీద విరుచుకుపడి మన కొండలు ఎక్కినప్పుడు అది వేళ్ళతో సహా ఒరిగిపోయింది. పొయ్యిలో పెట్టడానికి మనసు రాక పలకలు కోయించి కొట్టంలో దాచాను. విశాఖలో చదువుకొంటున్న మా మనుమడు నిరుడు వేసవి సెలవులకు వచ్చి ఆ పలకలు చూచాడు. "తాతయ్యా, ముత్తాతగారి చెట్టు కదా, పడవ చేద్దాం. కొలాబులో నడుపుకోవచ్చు" అన్నాడు. నాకు ఎంతో సంతోషం వేసింది. వడ్రంగిని పిలిచి వాడి ప్రక్కన కూర్చోబెట్టాను. పొడవు పదడుగులు, నడుమ వెడల్పు మూడున్నర అడుగులు, అడుగు చదును. అడుగు దుంగకు గుగ్గిలం కర్ర, మిగిలినదంతా మామిడి. వేసవి పూర్తయ్యేసరికి పడవ ఆకారం వచ్చింది. వాడు చదువుకు వెళ్ళిపోయాడు. పడవ మీద గుడ్డ కప్పి పెరట్లో వుంచాము.

మన వానల సంగతి మీకు తెలియనిది కాదు. కొరాపుట్టు మూడు వేల అడుగులకు దగ్గర ఎత్తున వున్నది. ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా గోడలే చెమ్మగిల్లుతాయి. కప్పిన గుడ్డ పై నుంచి వచ్చే వానను ఆపింది గాని, నేల నుంచి వచ్చే తేమను ఎల్లా ఆపుతుంది? దసరా సెలవులకు మనుమడు వచ్చాడు. కార్తీక పౌర్ణమికి పడవ వదలాలని పట్టుబట్టాడు. చుట్టాలకు ఉత్తరాలు కూడా వెళ్ళాయి.

పుస్తకంలో చూచి, కర్రకు ముందుగా అవిసె నూనె పట్టించాలన్నాడు. ఆ మాట సరియైనదే. హిందీలో దానిని అలసీ అంటారని తెలుసుకొని, గానుగ దగ్గరకు వెళ్ళి "అలసి నూనె" అని అడిగి తెచ్చాడు. ఇక్కడ పుట్టి పెరిగిన మీరు ఈపాటికి నవ్వుకొంటూ వుంటారు. మన కొరాపుట్టు సంతలో అలసి అంటే అవిసె కాదు, వలిసెలు! అరకు దారిలో కొండలకు పసుపు కప్పే ఆ పూల గింజలు. గానుగవాడి తప్పేమీ లేదు. అడిగినదే ఇచ్చాడు. డబ్బా మూత తీసి ఒక్కసారి వాసన చూస్తే నాకు తెలిసిపోయేది. నేను చూడలేదు.

నూనెలన్నీ ఒక్కలాంటివి కావు. అవిసె నూనె ఆరుతుందంటే నీరు ఆరినట్టు ఆవిరై పోవడం కాదు. గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని, తానే గట్టిపడి పొర అవుతుంది. కొబ్బరి నూనె ఎన్నాళ్ళున్నా అల్లా కాదు. వలిసె నూనె రెంటికీ నడిమిది. సగం ఆరుతుంది, సగం జిగురుగా మిగులుతుంది. తాలింపుకు బ్రహ్మాండమైన నూనె గాని, పడవకు ఒంటరిగా పనికిరాదు. మా పడవ వారం రోజులు ముట్టుకొంటే చేతికి అంటుకొంటూనే వున్నది. పెరటి దుమ్మూ, దోమలూ, కోడి ఈకలూ దానిమీద అతుక్కొన్నాయి. ఇక ఆగలేక, గేట్లకు వేసే నీలం ఎనామిలు రంగు తెచ్చి ఆ జిగురు మీదనే రెండు పూతలు వేశాము. దూరం నుంచి చూస్తే పెళ్ళికూతురులా వున్నది. వీధిలో వారందరూ వచ్చి మెచ్చుకొని వెళ్ళారు.

పౌర్ణమి మూడు రోజులున్నదనగా మా ఇంటికి కూరలు తెచ్చే మౌసి వచ్చింది. ఆమెది కొలాబు జలాశయం అవతలి ఒడ్డున వున్న ఊరు. నీళ్ళు నిండేటప్పటికి చిన్నపిల్ల. వాళ్ళ పొలాలు ఆ నీళ్ళ క్రిందనే వున్నాయి. గంప దించి పడవ చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది. ముక్కు దగ్గర, పలక కొస వంగి అడుగును కలిసే చోట, బొటనవేలి గోరు ఆనించి నొక్కింది. గోరు లోపలికి దిగిపోయింది. నీలం పొర చిట్లి, దాని క్రింద నుంచి రెండు చుక్కల నీరు బయటికి వచ్చింది.

"బాబూ, రంగు బాగున్నది. దీని క్రింద కర్ర వున్నదా?" అని తన దేశియా మాటల్లో అడిగింది.

నాకు చిన్నతనం వేసింది. ఆ ఒక్క పలకా మార్చి రంగు సర్దితే చాలదా అన్నాను. ఆమె గంప ఎత్తుకొంటూ, "మా అన్న ఎక్కిన పడవకు అప్పుడే కొత్తగా తారు పూశారు. తారు క్రింద ఏమున్నదో ఎవరూ చూడలేదు" అన్నది. అంతకుమించి ఏమీ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద చర్చ. మనుమడి కళ్ళ నీళ్ళు. చుట్టాలు వస్తున్నారే అని నా బెంగ. చివరకు మా ఆవిడ, "ఏమండీ, పడవ ఒక సంవత్సరం తేలకపోతే పోయింది. పిల్లవాడు తేలాలి గాని" అన్నది. తెల్లవారి లేచి తాతా మనుమడూ కలిసి రంగు గీకడం మొదలుపెట్టాము. పెళ్ళికూతురు ముస్తాబు మూడు రోజుల్లో నేల రాలింది. వచ్చిన చుట్టాలు ఆ నీలం పొట్టు మధ్యనే కూర్చుని ఫలహారాలు చేశారు.

గీకిన తరువాత సంగతులన్నీ బయటపడ్డాయి. మూడు పలకల కొసలు మెత్తబడ్డాయి. మామిడిలో టేకుకు వున్నట్టు చేవ వుండదు. తేమ తగిలితే బూజు పట్టి త్వరగా చివికిపోతుంది. కర్ర నీరు త్రాగేది ప్రక్కల నుంచి తక్కువ, కోసిన కొస నుంచి ఎక్కువ. చెట్టు బ్రతికివున్నప్పుడు వేళ్ళ నుంచి ఆకులకు నీరు మోసిన సన్నని గొట్టాలన్నీ అక్కడ నోళ్ళు తెరుచుకొని వుంటాయి. తడి కర్ర మీద మనం రంగు వేస్తే ఆ నీటిని లోపల పెట్టి తలుపు మూసినట్టే. ఎండ తగలగానే అది ఆవిరై బయటికి రాబోయి రంగును పొక్కులు పొక్కులుగా లేపుతుంది. రాలేనిది లోపలనే వుండి కర్రను తినిపిస్తుంది. ఇనుప మేకుల సంగతీ అంతే. త్రుప్పు పట్టిన మేకు లోపల ఉబ్బి పైరంగును పగలగొడుతుంది. మేము చెడిన పలకలు మార్చి, ఇనుము వున్నచోటనల్లా ఇత్తడి మరలు పెట్టించాము.

తరువాత పని ఏమీ లేదు. ఆరబెట్టడమే. పడవను బోర్లించి, క్రింద ఇటుకలు పెట్టి, నేలకు అడుగున్నర ఎత్తున నీడలో వుంచాము. ఎండలో పెడితే త్వరగా ఆరుతుంది గాని, పైన ఆరి లోపల ఆరక పలక చీలుతుంది. పుష్యం వెళ్ళింది. మాఘం వెళ్ళింది. ఫాల్గుణంలో మౌసి మళ్ళీ గోరు ఆనించి చూచి తల ఊపింది.

అప్పుడు అతుకుల ప్రశ్న వచ్చింది. వడ్రంగి లప్పం పెడదామన్నాడు. బల్లకైతే సరే. పడవ పలక నీటిలో ఉబ్బుతుంది, ఒడ్డున కుంచించుకొంటుంది. గట్టి లప్పం ఆ కదలికకు నిలవక ఊడివస్తుంది. మౌసి మర్నాడు గంపలో ఝుణా ముద్దలు తెచ్చింది. ఝుణా అంటే మరేమీ కాదు, మనం సాయంకాలం ధూపం వేసే గుగ్గిలం. సాలవృక్షం పాలు. ఆ చెట్టునే మనవాళ్ళు గుగ్గిలం చెట్టు అంటారు. దక్షిణాన దాని సరిహద్దు ఇంచుమించు మన కొండలే. ఒక్క గుగ్గిలమే అయితే పెళుసుగా పగిలిపోతుంది. నూనెతో కలిపి కరిగిస్తే మైనంలా సాగుతుంది. ఆ ముద్దలో పత్తి వత్తులు ముంచి సందుల్లో ఉలి మొద్దు అంచుతో కొట్టి దూర్చాలి. వత్తులు ఎవరు చేస్తారు? కార్తీకానికి మూడువందల అరవై అయిదు వత్తులు చేసే చెయ్యి ఇంట్లోనే వున్నది కదా! మా ఆవిడ రెండు సాయంకాలాలు కూర్చుని బారెడేసి పొడవు వత్తులు చేసి ఇచ్చింది. గుగ్గిలం కాచడం మాత్రం ఆరుబయటే, సన్న సెగ మీద. నిప్పు అంటుకొంటే నీళ్ళు పోయరాదు. మూత పెట్టాలి.

ఈ గుగ్గిలం పని మనకు కొత్తది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ కొండలూ, భీమునిపట్నం రేవూ ఒకే విశాఖపట్నం జిల్లా. సాలూరు ఘాటీ దిగితే తీరం. పడవ సందులకు సాల గుగ్గిలం మెత్తడం ఈ దేశంలో పాత పద్ధతి. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాల్లో కొయ్య ఓడలు కట్టే పనివారు తరతరాలుగా వున్నారు. మన తీరపు మసూలా పడవలకైతే మేకులే వుండవు. పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు. అలల దెబ్బకు విరగకుండా వంగడానికి ఆ ఏర్పాటు. పూతకు బెస్తవారు సొర చేప నూనె వాడేవారు. జీడిపిక్కల పెంకు నుంచి తీసిన నూనె కూడా వాడేవారు. పలాసలో జీడిపప్పు ఒలిచేచోట ఆ పెంకు నూనె తగిలి చేతులు పొక్కడం చూచినవారికి, పురుగు దాని జోలికి ఎందుకు రాదో చెప్పనక్కరలేదు.

అతుకులు అయిన తరువాతనే పూత. ముందు గరుకు కాగితంతో కర్ర ఈనె వెంబడి తోమాలి. అడ్డంగా తోమితే గీతలు రంగులో నుంచి కూడా కనబడతాయి. దుమ్ము తడిగుడ్డతో కాక టర్పెంటైను గుడ్డతో తుడవాలి. మొదటి పూత పలుచన. అవిసె నూనెలో సగానికి సగం టర్పెంటైను కలిపితే కర్రలోకి దిగుతుంది. చిక్కని పూత పైననే కూర్చుంటుంది. కోసిన కొసలకు మాత్రం త్రాగినన్నిసార్లు పట్టించాలి. అది పూర్తిగా ఆరిన తరువాత ప్రైమరు, దానిమీద పడవలకు వేసే రంగు మూడు పూతలు. ప్రతి పూతకూ మధ్య ఆరనిచ్చి, సన్న కాగితంతో తోమి, తుడిచి, మళ్ళీ వేయాలి. లోపలా బయటా రెండువైపులా వేయాలి. ఒకవైపే వేస్తే రెండోవైపు నీరు త్రాగి పలక వంకరపోతుంది. మన మంచుకు ఉదయం పదికి ముందు కుంచె ముట్టరాదు. సాయంకాలం మంచు దిగేసరికి పొర కట్టి వుండాలి గనుక మూడింటికే ఆపాలి.

వార్నీషు దగ్గర వడ్రంగి మరో సలహా ఇచ్చాడు. బీరువాలకు వేసే లక్క పాలిషు వేద్దామన్నాడు. మీ ఇంట్లో పాత టీపాయి మీద తడి గ్లాసు పెడితే తెల్లని చక్రం పడుతుంది, చూచారా? అదే లక్క. ఏటికొప్పాక బొమ్మకు అది అందమే గాని, నీటిలో నిలవదు. పడవకు వేరే వార్నీషు వున్నది. అది కర్రతోబాటు సాగుతుంది, ఎండకు కొంత ఓర్చుకొంటుంది. అదైనా కలకాలం నిలవదు. రంగులోని పొడి ఎండను అడ్డుకొంటుంది. వార్నీషు అద్దంలాంటిది, ఎండ దానిలో నుంచి వెళ్ళి క్రింది కర్రను కొరుకుతుంది. క్రింద పట్టు పోయిన పొర పైన లేస్తుంది. అందుచేత ఏడాదికొకసారి తోమి పైపూత వేయవలసినదే. మేము కూర్చునే బల్లకూ పై అంచులకూ తెడ్లకూ మాత్రం వార్నీషు వేశాము. తెడ్డు పిడికి ఏమీ వేయలేదు. నున్నని పిడి చెయ్యి జారుతుంది, అరచెయ్యి బొబ్బలెక్కుతుంది.

గృహిణులకు ఒక్క హెచ్చరిక. అవిసె నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. కుప్పలో ఆ వేడికి బయటికి దారి లేక గుడ్డలు వాటంతట అవే అంటుకొంటాయి. మా వసారాలో కుప్ప మీద మా ఆవిడ చెయ్యి పెట్టి, "ఇదేమిటి, కాచిన ఇటుకలా వున్నది!" అనబట్టి సరిపోయింది. అప్పటినుంచి ప్రతి గుడ్డనూ విప్పి విడివిడిగా ఆరుబయట ఆరవేశాము.

ఈ కార్తీకానికి పడవను బండి మీద వేసి కొలాబు ఒడ్డుకు తీసుకువెళ్ళాము. నీటిలోకి దింపగానే అడుగు సందుల్లో నుంచి నీరు ఊరడం మొదలైంది! మనుమడి ముఖం వాడిపోయింది. ఇన్ని నెలల శ్రమా వృధాయేనా అని నా గుండె జారింది. మౌసి మాత్రం నవ్వి, "దానికి దాహం. త్రాగనివ్వండి" అన్నది. పడవను ఒడ్డునే కట్టి, సగం నీళ్ళు నింపి, ఒకటిన్నర రోజు వదిలేశాము. ఆరిన పలకలు ఉబ్బి ఒకదానినొకటి ఒత్తుకొన్నాయి. వత్తులు నలిగి బిగిశాయి. నీళ్ళు తోడి చూస్తే పౌర్ణమి ఉదయానికి అడుగు పొడి! రంగు కర్రలోకి వెళ్ళే నీటిని మెల్లగా వెళ్ళేటట్టు చేస్తుందే గాని, పూర్తిగా ఆపలేదు. ఆపనక్కరా లేదు. కర్ర బాగుంటే ఆ కొంచెం నీరే దానికి బలం.

మొదట ఎవరు ఎక్కాలి? మా ఆవిడ మౌసి వైపు చూచింది. మౌసి ఒక క్షణం ఆ నీళ్ళ వైపు చూచి, చీర కుచ్చెళ్ళు ఎత్తి దోపుకొని ఎక్కి కూర్చుంది. మనుమడికి ఈత కొట్టే చొక్కా తొడిగించి తెడ్డు ఇచ్చాను. మా నాన్నగారి మామిడిచెట్టు ఆమెను అవతలి ఒడ్డుకు చేర్చి తిరిగి వచ్చింది.

మనకు పడవ సరదా. మాచ్‌ఖండ్ మీద జలాపుట్టు ఒడ్డున వున్నవారికీ, కొలాబు అవతలివారికీ అది బడి, సంత, ఆసుపత్రి. బలిమెల నీళ్ళు చిత్రకొండ ప్రక్కన 151 ఊళ్ళను విడదీస్తే, 2018 జూలైలో గురుప్రియ వంతెన తెరిచేదాకా వారికి లాంచీ, నాటు పడవే దారి. మన కొలాబే కూనవరం దగ్గర శబరి పేరుతో గోదావరిలో కలుస్తుంది. ఆ దారి పొడుగునా ఎందరు, ఎవరో పూసిన పూతను నమ్మి కాలు పెడుతున్నారో!

వచ్చే ఫాల్గుణంలో పడవను మళ్ళీ బోర్లిస్తాము. గీకి, తోమి, పైపూత వేస్తాము. కాని ముందు బొటనవేలి గోరు. మీ ఇంటి కిటికీ చట్టాలకు కూడా, రంగులవాడిని పిలిచేముందు, క్రింది మూలలో ఒకసారి ఆనించి చూడండి. గోరు దిగితే రంగు డబ్బా ప్రక్కన పెట్టి వడ్రంగిని పిలవండి.